ఎలక్ట్రిక్ గిటార్ తయారీలో రౌటింగ్ లోపాలు, సవరణలు

ఎలక్ట్రిక్ గిటార్ బాడీకి కావలసిన గుంటలు, గాడులు, అంచులను రౌటర్ యంత్రంతో తొలవడాన్ని రౌటింగ్ అంటారు. నెక్ వచ్చి కూర్చునే గూడు, పికప్‌లు ఇమిడే గుంటలు, వైర్లు, వాల్యూమ్ కంట్రోళ్లు ఉండే అర, నెక్ లోపలి ఉక్కు కడ్డీకి కావలసిన గాడి, బాడీ బయటి అంచు, అన్నీ ఈ యంత్రంతోనే రూపు దిద్దుకుంటాయి. నిమిషానికి పది వేల నుంచి ముప్ఫై వేల చుట్లు తిరిగే కత్తి కాబట్టి చెయ్యి ఒక్క క్షణం జారినా పలక రూపం మారిపోతుంది. మొదటి గిటార్ చేసేవారు పలకను పక్కన పడేసేది సాధారణంగా ఈ దశలోనే. నిజానికి ఈ లోపాల్లో చాలా వాటికి వడ్రంగంలో స్థిరపడిన సవరణలున్నాయి. తొలిచిన చోటు తీగల బరువు మోస్తుందా, కంటికి కనబడుతుందా, లేక మూత కిందికి పోతుందా అన్న మూడు ప్రశ్నలకు వచ్చే జవాబును బట్టి సవరణ పద్ధతి ఉంటుంది.

చారిత్రక నేపథ్యం

తీగ కదలికను అయస్కాంతపు పికప్ విద్యుత్ సంకేతంగా మార్చగలిగాక గిటార్‌కు బోలు పెట్టె అవసరం తగ్గింది. 1930ల ఆరంభంలో రికెన్‌బ్యాకర్ సంస్థ అల్యూమినియంతో పోతపోసిన గిటార్‌ను తెచ్చింది. 1940 ప్రాంతంలో లెస్ పాల్ ఒక గట్టి దుంగముక్కకు నెక్, పికప్‌లు బిగించి ప్రయోగం చేశాడు. 1950లో లియో ఫెండర్ సంస్థ ఘన చెక్క గిటార్‌ను కర్మాగారంలో పెద్ద ఎత్తున చేయడం మొదలుపెట్టింది. అదే 1951లో టెలీకాస్టర్ అయింది. 1952లో గిబ్సన్ లెస్ పాల్, 1954లో ఫెండర్ స్ట్రాటోకాస్టర్ వచ్చాయి.

సవరణల సంగతికి ఫెండర్ పద్ధతి ముఖ్యమైనది. బాడీని పలక నుంచి కోసి, టెంప్లేట్ (నమూనా పలక) ఆధారంగా గుంటలు తొలిచి, నెక్‌ను నాలుగు స్క్రూలతో బిగించేవారు. ఏ భాగం చెడితే ఆ భాగాన్ని విప్పి మార్చుకోవచ్చు. నెక్ లోపలి కడ్డీని వెనుక నుంచి అమర్చి, ఆ గాడిని వాల్‌నట్ చెక్క పట్టీతో మూసేవారు. మేపుల్ నెక్ వెనుక కనిపించే ఆ నల్లని గీత తొలిచిన గాడిని కొత్త చెక్కతో పూడ్చిన పనే. ఇవాళ దాన్ని ఎవరూ అతుకు అనరు, ఆ గిటార్ ఆనవాలు అంటారు.

తెలుగువారిలో ఘన చెక్క విద్యుత్ వాద్యాన్ని ప్రపంచానికి వినిపించినవాడు పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ యు. శ్రీనివాస్. నాలుగు జంట తీగల మాండలిన్‌ను వదిలి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌పై కర్ణాటక సంగీతం పలికించాడు. గమకం నిలవాలంటే తీగ నాదం ఎక్కువసేపు ఉండాలి. ఘన శరీరం, పికప్ ఆ పని చేసిపెట్టాయి.

విశాఖ ప్రాంతపు వాద్యనిర్మాణం

విశాఖపట్నం ఓడరేవుకు, ఉక్కు కర్మాగారానికి ప్రసిద్ధి. అయితే చెక్కను తొలిచి వాద్యం చేసే విద్య ఈ ప్రాంతంలో వాటికంటే ముందునుంచీ ఉంది. ఒకప్పుడు విశాఖ జిల్లాలోనే ఉండి, తర్వాత శ్రీకాకుళం, 1979 నుంచి విజయనగరం జిల్లాలోకి చేరిన బొబ్బిలి దగ్గర గొల్లపల్లి గ్రామం వీణల తయారీ కేంద్రం. అక్కడ సర్వసిద్ధి వంశస్థులు తరతరాలుగా ఈ పనిలో ఉన్నారు. కుండ, దండి ఒకే పనస దుంగ నుంచి వచ్చే వీణను ఏకాండి వీణ అంటారు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు ఉంది.

గిటార్ తయారీ నేర్చుకునేవారికి ఏకాండి వీణ గొప్ప పాఠం. కుండ లోపలి భాగాన్ని బాడిశ, ఉలి, సుత్తితో కొద్దికొద్దిగా తొలుస్తారు. గోడ మందంగా మిగిలితే మళ్లీ తొలవచ్చు, పలచబడితే మాత్రం వెనక్కి రాదు. అందుకే ఆ పనిలో చేతివేళ్లతో మందం చూసుకోవడం, దుంగను తిప్పి మళ్లీ పరీక్షించడం తొలిచే పనిలో భాగమే. రౌటర్‌తో పనిచేసేవారికి ఈ విరామం దానంతటది దొరకదు. యంత్రం ఆపి కొలవడాన్ని అలవాటు చేసుకోవాలి.

మెట్ల విషయంలో రెండు వాద్యాలకూ పెద్ద తేడా ఉంది. వీణ ఇరవై నాలుగు మెట్లను మైనంలో అమరుస్తారు. శ్రుతి తప్పితే మైనం వేడిచేసి మెట్టు జరపవచ్చు, మెట్ల వరుసను (మేళం) మళ్లీ కట్టవచ్చు. అంటే సవరణకు చోటు ఆ వాద్యం నిర్మాణంలోనే ఉంది. గిటార్‌లో మెట్లు రంపంతో కోసిన గాళ్లలో బిగిసి ఉంటాయి. కాబట్టి నెక్ గూడు గాని, తీగలు బాడీ మీద ఆనే బ్రిడ్జ్ గాని స్థానం తప్పితే మెట్లన్నీ కలిసి శ్రుతి తప్పుతాయి. గిటార్‌లో స్థానపు లోపాన్ని లోతు లోపం కంటే ముందు సరిచేయాలనడానికి కారణం ఇదే.

  

లోపాలు ఎందుకు వస్తాయి

రౌటర్ లోపాలకు కారణాలు కొన్నే. మొదటిది కొలెట్ జారడం. కత్తి కాడను కొలెట్ అనే బిగింపులో సరిగా బిగించకపోతే తిరుగుతున్నప్పుడు కత్తి మెల్లగా కిందికి దిగుతుంది, గుంట ఒక వైపు కంటే మరో వైపు లోతవుతుంది. కాడను అడుగు తగిలేదాకా తోసి బిగించినా పట్టు సరిగా రాదు. అడుగు తగిలాక రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లాగి బిగించాలి.

రెండోది టెంప్లేట్ కదలడం. రెండువైపులా అంటుకునే టేపుతో అతికించిన టెంప్లేట్ కింద పొట్టు ఉన్నా, చెమట తడి ఉన్నా జారుతుంది. మూడోది దిశ తప్పడం. పైనుంచి చూస్తే బాడీ బయటి అంచును గడియారానికి వ్యతిరేక దిశలోను, గుంట లోపలి అంచును గడియార దిశలోను తొలవాలి. అప్పుడు కత్తి తిరిగే దిశకు ఎదురుగా యంత్రం నడుస్తుంది, చెయ్యి అదుపులో ఉంటుంది. వ్యతిరేకంగా నడిపితే కత్తి యంత్రాన్ని ముందుకు లాక్కుపోతుంది. నాలుగోది ఒకేసారి లోతుగా తొలవడం. ఒక్కో విడతకు మూడు మిల్లీమీటర్లు దాటకుండా దిగితే కత్తి వేడెక్కదు, చెక్క మాడదు. అయిదోది నార. బాడీ కొమ్ముల దగ్గర వంపులో చెక్క నార అడ్డంగా తిరుగుతుంది. అక్కడ కత్తి నారను కోయడానికి బదులు పెకలించి పేడు లేపుతుంది. కొలతలో తప్పు ఆరోది. బేరింగ్ ఉన్న కత్తి టెంప్లేట్‌ను ఉన్నదున్నట్టు నకలు చేస్తుంది కాబట్టి టెంప్లేట్‌లోని వంకర కూడా పలకలోకి దిగుతుంది.

నెక్ గూడు లోపాలు

గిటార్ మొత్తంలో అతి ముఖ్యమైన గుంట ఇది. ఆరు తీగలూ శ్రుతి చేసినప్పుడు కలిపి సుమారు 45 కిలోల లాగుడు ఉంటుంది. ఆ బరువు నెక్ గూడు, బ్రిడ్జ్ మధ్యే నిలుస్తుంది. ఫెండర్ తరహా గూడు దాదాపు 56 మి.మీ. వెడల్పు, 76 మి.మీ. పొడవు, 16 మి.మీ. లోతు ఉంటుంది. బాడీ మందం 44 లేదా 45 మి.మీ. కాబట్టి గూడు కింద మిగిలేది 28 లేదా 29 మి.మీ. చెక్క.

వెడల్పు ఎక్కువైతే నెక్ అటూ ఇటూ ఆడుతుంది. సందు ఒక మిల్లీమీటరు లోపు ఉంటే గూడు గోడలకు అర మిల్లీమీటరు పలచని చెక్కపొరలు (వెనీర్) అతికించి ఉలితో సరిచేయవచ్చు. పొర నార, బాడీ నార ఒకే దిశలో ఉండాలి. రెండు వైపులా సమంగా అతికిస్తే మధ్యరేఖ చెదరదు.

లోతు ఎక్కువైతే నెక్ కిందికి దిగి, తీగలు పికప్‌లకు తగిలేంత దగ్గరవుతాయి. గూడు అడుగుకు సరిపడే పూర్తి చెక్కపొర కోసి అతికించడం మేలైన సవరణ. ఒక చివర మాత్రం అట్టముక్క పెట్టే పద్ధతి కర్మాగారాల్లో కూడా ఉంది, కాని పొర గూడంతా పరుచుకుంటేనే నెక్ నిండుగా ఆనుతుంది. నెక్ కోణం మార్చాలంటే ఏటవాలు పొర వాడతారు. 76 మి.మీ. గూడులో ఒక డిగ్రీ కోణానికి పొర ఒక చివర 1.3 మి.మీ. మందం ఉంటే చాలు.

గూడు వంకరగా తొలిస్తే పొరలతో లాభం లేదు. 76 మి.మీ. గూడులో అర మిల్లీమీటరు వంకర 648 మి.మీ. తీగ పొడవు మీద నాలుగు మిల్లీమీటర్లు దాటుతుంది. ఒక అంచు తీగ, మెట్లుండే ఫ్రెట్‌బోర్డు బయటికి జారడానికి అది చాలు. ఇలాంటప్పుడు గూడును పూర్తిగా పూడ్చి మళ్లీ తొలవడమే మార్గం. పని ఇలా సాగుతుంది.

ముందు వంకర గూడును ఉలితో గాని, రౌటర్‌తో గాని మూలలన్నీ లంబకోణంలో ఉండే శుభ్రమైన గుంటగా మారుస్తారు. గుండ్రని మూలలున్న గుంటలో దిమ్మ సరిగా కూర్చోదు. బాడీ కోసినప్పుడు మిగిలిన తుండు నుంచే దిమ్మ కోస్తారు. అదే పలక కాబట్టి రంగు, నార, గట్టిదనం కలుస్తాయి. దిమ్మ నార బాడీ పొడవు దిశలో నడవాలి. నిలువుగా పెడితే బంక పట్టదు, వర్షాకాలంలో ఉబ్బి గీత తేలుతుంది. దిమ్మ చేతివత్తిడితో లోపలికి దిగాలి. సుత్తితో కొట్టాల్సి వస్తే బిగువు ఎక్కువ, వేళ్లతో ఊగితే వదులు. పైకి ఒక మిల్లీమీటరు ఎత్తుగా ఉంచి, అడుగుకూ గోడలకూ తెల్ల వడ్రంగి బంక పూసి, క్లాంపులతో ఒక రోజు బిగించి ఉంచుతారు. ఆరాక చిత్రికతో సమం చేస్తారు. ఆ తర్వాత పాత గీతలన్నీ చెరిపేసి, నట్ (నెక్ పైచివర తీగలు ఆనే చోటు) నుంచి బ్రిడ్జ్ దాకా దారం లాగి కొత్త మధ్యరేఖ గీస్తారు. పాత గీతలను నమ్మితే పాత వంకరే తిరిగి వస్తుంది. అడుగుకూ గోడలకూ బంక పూసిన అతుకు చెక్కతో సమానంగా నిలుస్తుంది కాబట్టి ఈ గూడు తీగల బరువును నిశ్చింతగా మోస్తుంది.

బ్రిడ్జ్, స్క్రూ రంధ్రాలు

బ్రిడ్జ్ రంధ్రాలు తప్పు చోట పడితే తీగ పొడవు తప్పుతుంది. నట్ నుంచి పన్నెండో మెట్టుకు ఉన్న దూరం, అక్కడి నుంచి బ్రిడ్జ్‌కు ఉన్న దూరం దాదాపు సమానంగా ఉండాలి. 648 మి.మీ. గిటార్‌లో అది 324 మి.మీ. రంధ్రాలను పూడ్చేందుకు బజారులో దొరికే గుండ్రని చెక్కపుల్ల వాడటం మామూలు. అయితే ఆ పుల్లలో నార పొడవునా నడుస్తుంది కాబట్టి స్క్రూ నార చివరలోకి దిగుతుంది, పట్టు తక్కువ. ప్లగ్ కటర్ అనే కత్తితో పలక ముఖం నుంచి కోసిన బిళ్లలో నార అడ్డంగా ఉంటుంది. స్క్రూ పట్టూ బాగుంటుంది, పైన అతుకూ కలిసిపోతుంది. బరువు మోసే రంధ్రాలకు ఇదే తగినది.

పికప్ గుంటలు, కంట్రోల్ అర

ఇవి బరువు మోసేవి కావు. పికప్ చట్రం రెండు మూడు మిల్లీమీటర్ల అంచును కప్పేస్తుంది. స్ట్రాటోకాస్టర్ తరహాలో పెద్ద పిక్‌గార్డు గుంటలన్నిటినీ కప్పుతుంది. మూత కిందికి పోయే లోపాన్ని అలాగే వదిలేయడం సరైన నిర్ణయం. అంచు మూత దాటి బయటపడితే నార కలిపిన చెక్కపట్టీ అతికించి మళ్లీ తొలవాలి. గుంట లోతు ఎక్కువైతే పికప్ ఎత్తు స్క్రూలతో సర్దుకోవచ్చు, లేదా అడుగున పలచని చెక్క వేయవచ్చు.

కంట్రోల్ అర తొలిచేటప్పుడు కత్తి ముఖభాగం వైపు పొడుచుకుని బయటికి వస్తే అది కంటికి కనబడే లోపం. రంధ్రాన్ని వెడల్పు చేసి, ఏటవాలు అంచుల బిళ్ల చేసి లోపలి నుంచి బిగిస్తారు. పారదర్శకమైన పాలిష్ వేయదలచుకుంటే బిళ్ల గీత కనబడుతుంది. కాబట్టి ముఖమంతా కొత్త వెనీర్ పొర అతికించడం, ముదురు రంగు వేయడం, లేదా ఆ చోటే వాల్యూమ్ నాబ్ వచ్చేలా అమరిక మార్చడం పద్ధతులు.

అంచులు, కొమ్ములు

పేడు లేచినప్పుడు యంత్రం ఆపి, ఊడిన ముక్కను వెతికి పట్టుకోవడం మొదటి పని. ఆ ముక్క నార, ఆ గుంట నార ఒక్కటే కాబట్టి త్వరగా అంటుకునే బంకతో అతికిస్తే గీత కూడా కనబడదు. ముక్క చిక్కకపోతే విరిగిన చోటును చదునుగా కోసి, అదే నార దిశలో కొత్త తుండు అతికించి, ఉలితో, ఆకురాయితో వంపు తిరిగి తేవాలి. లోపం చిన్నదైతే బాడీ చుట్టూ అంచును ఇంకాస్త గుండ్రంగా చేయడం, బైండింగ్ పట్టీ వేయడం చాలు. అంచులు ముదురుగా, నడుమ లేతగా ఉండే సన్‌బర్స్ట్ రంగు అంచు అతుకులను కప్పుతుంది.

పూరణ పదార్థాలు

రంపపు పొట్టు, తెల్ల బంక కలిపిన ముద్ద సులభమైన పూరణ. ఆరేటప్పుడు నీరు పోయి కుంగుతుంది, పాలిష్ కింద నల్లగా తేలుతుంది. రంగు వేసే గిటార్లకు, చిన్న గీతలకు మాత్రమే ఇది తగినది. రెండు గొట్టాల ఎపాక్సీ బంకలో పొట్టు కలిపితే కుంగదు, గట్టిగా నిలుస్తుంది. త్వరగా అంటుకునే బంక, సన్నని పొట్టు పగుళ్లకు పనికొస్తాయి. ఏ పూరణా అతుకు వేసిన చెక్కకు బదులు కాదు. నెక్ గూడు, బ్రిడ్జ్ చోట చెక్కకు చెక్కే వేయాలి.

పాలిష్ మీద పడిన చిన్న నొక్కులకు లక్క కడ్డీని కరిగించి పూయడం ఫర్నిచర్ మరమ్మతులో పాత పద్ధతి. లక్క పని విశాఖ చుట్టుపక్కల వారికి బాగా తెలుసు. ఇప్పటి అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు చెక్కను తరిణె మీద తిప్పుతూ లక్క కడ్డీ ఒత్తుతారు. రాపిడి వేడికి లక్క కరిగి చెక్కను అంటుకుంటుంది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిటార్ నొక్కుకు రాపిడికి బదులు వేడిచేసిన చిన్న కత్తి వాడతారు. పదార్థం మాత్రం అదే.

చెక్క, వాతావరణం

సముద్రపు గాలిలో చెక్క తేమ పీలుస్తుంది. గాలిలో తేమ 75 శాతం ఉంటే చెక్కలో తేమ 13–14 శాతం దగ్గర స్థిరపడుతుంది. బట్టీలో ఎనిమిది శాతానికి ఆరబెట్టిన దిగుమతి చెక్కను తెచ్చిన రోజే కోస్తే, గూడు కొలత వారాల్లో మారిపోతుంది. అడితిలో కొన్న పలకను పనిచేసే గదిలోనే ఉంచి, వారం వారం తూచి, బరువు నిలకడగా వచ్చాక కోయడం మంచిది. సవరణ దిమ్మకూ ఇదే నియమం. తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో బంకకు అదనపు సమయం ఇవ్వాలి. పూరణ వేసిన చోటు కొన్ని వారాలు ఆగి, మళ్లీ ఉప్పుకాగితం పట్టి, ఆ తర్వాతే పాలిష్ వేస్తే కుంగిన గీతలు తేలవు.

పనస చెక్క కొత్తలో పసుపుగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. పాత బాడీకి కొత్త పనస బిళ్ల వేస్తే కొంతకాలం తేడా కనబడుతుంది. టేకులో నూనె ఉంటుంది కాబట్టి బంక పూసేముందు అసిటోన్‌తో తుడవాలి. అందులోని ఇసుకరేణువుల వంటి సిలికా కత్తులను త్వరగా మొద్దుబారుస్తుంది. చెక్క ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. మాస్కు, కళ్లద్దాలు లేకుండా రౌటర్ ముట్టకూడదు.

నివారణ

కత్తిని అసలు పలక మీద పెట్టేముందు అదే మందం ఉన్న పనికిరాని చెక్కమీద తొలిచి, నెక్‌ను అందులో కూర్చోబెట్టి చూడటం అన్నిటికంటే మేలైన జాగ్రత్త. గుంటలో ఎక్కువ భాగాన్ని ముందు డ్రిల్లుతో తీసేస్తే రౌటర్‌కు పని తగ్గుతుంది. కొలతకు వెర్నియర్ కాలిపర్ వాడాలి. విశాఖలోని గాజువాక, ఆటోనగర్ పరిసరాల్లో లోహపు పనిచేసేవారికి మిల్లీమీటరులో పదో వంతు చూడటం రోజువారీ అలవాటు. ఆ అలవాటు చెక్కపనిలోకి వస్తే సగం లోపాలు పుట్టవు. బాడీ ముక్కలను గిటార్ పూర్తయ్యేదాకా పారేయకూడదు. సవరణకు కావలసిన అసలు సరుకు అదే.

సవరించకూడని లోపాలు

నెక్ గూడు నుంచి బాడీలోకి పాకిన పగులు, గూడు కింద చెక్క ఏడెనిమిది మిల్లీమీటర్లకు పలచబడటం, కడ్డీ గాడి నెక్ వెనుకను చీల్చుకుని రావడం, మెలితిరిగిన నెక్ అనే వాటిని అతికించి తీగలు బిగించడం ప్రమాదం. బరువు పడ్డాక అతుకు విడిపోతే వాయించేవారికి దెబ్బ తగలవచ్చు. అలాంటి భాగాన్ని మార్చాలి. బోల్టు నెక్ గిటార్‌లో అది సాధ్యం కూడా. మిగిలిన లోపాలన్నీ చక్కని దిమ్మకు, సరైన నార దిశకు, ఒక రోజు ఓపికకు లొంగేవే. పలకను పారేసి కొత్తది కొన్నవారి కంటే, తప్పిన గూడును పూడ్చి మళ్లీ తొలిచినవారికి చెక్క ఎలా మోస్తుందో, ఎలా ఉబ్బుతుందో, కత్తికి ఎక్కడ ఎదురు తిరుగుతుందో బాగా తెలుస్తుంది. రెండో గిటార్‌కు కావలసిన విద్య అదే.